పళ్ల డాక్టరు డాబా మీద నీళ్లు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న డాబా మేస్త్రి నోట్లో ఒక నీటిచుక్క పడింది. చుక్క పైకప్పు నుంచి పడింది. ఆ సమయానికి డాక్టరమ్మ వెనక్కి తిరిగి సూదిలోకి మత్తుమందు ఎక్కిస్తోంది. ఆవిడ చూడలేదు. మేస్త్రి ఆ చుక్కను మింగేశాడు.

మింగే ముందు రుచి చూశాడు. సున్నం రుచి తగిలింది. అంటే అది ఏ గొట్టంలోంచో జారింది కాదు, స్లాబు లోపల నానుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్లుగా డాబాలు కారకుండా చేస్తున్న మనిషికి ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. పైన డాబా మీద నీళ్లున్నాయి. పరీక్ష కోసం నిలబెట్టిన నీళ్లు. వాటికి ఈ కుర్చీకి నేరుగా పైన ఎక్కడో దారి దొరికింది.

ఆ దారి ఎవరు వేశారో కూడా మేస్త్రికి తెలుసు. అందుకే మింగేశాడు.

ఈ పని సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. కారే డాబాకి తారు షీటు వేస్తారు. షీటు చాపలా చుట్టి ఉంటుంది. ఒకరు గ్యాసు మంటతో చుట్ట అడుగున తారు కరిగిస్తుంటే, ఇంకొకరు చుట్టను కాలితో తోస్తూ పరుస్తారు. కరిగిన తారు స్లాబును పట్టేస్తుంది. ఒక షీటు అంచు మీదికి ఇంకో షీటు అంచు ఎక్కిన చోటు అతుకు. పనితనమంతా ఆ అతుకులోనే ఉంది. మంట తక్కువైతే అంటుకోదు, ఎక్కువైతే షీటు మాడుతుంది. మంట వచ్చే గొట్టాన్ని టార్చి అంటారు. టార్చి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మేస్త్రి. చుట్ట తోసేవాళ్లకి పేరంటూ ఏమీ లేదు. ‘ఒరేయ్’ అని పిలుస్తారు, పలుకుతారు.

ముప్పై ఏళ్లుగా టార్చి ఈయన చేతిలోనే ఉంది. వీధిలో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంటికి ఫోను వస్తే భార్య కూడా ‘మేస్త్రి గారు స్నానంలో ఉన్నారు’ అనే చెబుతుంది.

కొడుకు బస్సు నడుపుతాడు. పొయ్యి వెలిగించమంటే అగ్గిపుల్లను చెయ్యంత దూరంలో పట్టుకుని మొహం గోడవైపు తిప్పుకుంటాడు. వాడికి టార్చి ఇవ్వడం అన్న మాట ఎప్పుడూ రాలేదు. కోడలు వేరు. పెళ్లికి ముందు రేడియేటర్ల షాపులో రాగి గొట్టాలకు అతుకులు వేసేది. మంటతో ఆమెకి పాత పరిచయం. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒకరోజు చుట్ట తోసే మనిషి రాకపోతే తను వచ్చి తోసింది. ఆ మనిషి మళ్లీ రాలేదు. కోడలు మళ్లీ మానలేదు.

ఈ ఏడు మేస్త్రి మోకాలు మొండికేసింది. టార్చి పట్టుకుని వంగితే లేవడానికి పిట్టగోడ కావాలి. పిట్టగోడ డాబా మధ్యలో ఉండదు.

“ఇక చాలించండి. టార్చి అమ్మాయికి ఇచ్చెయ్యండి,” అంది భార్య.

“ఇచ్చి?”

“ఇచ్చి మీరు చుట్ట తొయ్యండి.”

“చుట్ట తోసేవాణ్ని మేస్త్రి అనరే.”

“అనకపోతే ఏం? ఏవండీ అని నేను పిలుస్తూనే ఉన్నానుగా. అది చాలదా?”

చాలదని చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. అందుకని ఒక షరతు పెట్టాడు. పళ్ల డాక్టరు డాబా మొత్తం కోడలే వెయ్యాలి. వేశాక తూము మూసి నీళ్లు నిలబెట్టాలి. ఒక రోజంతా నిలవాలి. కింద గదిలో ఒక్క చుక్క పడినా టార్చి మళ్లీ తనదే, ఇంట్లో ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

“పడకపోతే?” అంది కోడలు.

“పడకపోతే నీదే.”

“నన్ను మేస్త్రి అనాలి.”

“అది జనం ఇష్టం అమ్మాయ్.”

“మీరు అనండి మామయ్యా, చాలు. జనం సంగతి నేను చూసుకుంటా.”

ఆయన ఒప్పుకున్నాడు. కోడలు ఇంకోటి కలిపింది. పని జరుగుతున్నంతసేపూ మామయ్య చుట్ట తొయ్యాలి, సలహా ఇవ్వకూడదు, డాబా మీద చెయ్యి పెట్టకూడదు. అత్తగారు సాక్షి.

సలహా ఇవ్వలేదన్నది నిజం. దగ్గాడు. కోడలు మంట పక్కకి తిప్పినప్పుడల్లా ఒకసారి, ఆగినప్పుడల్లా రెండుసార్లు దగ్గాడు.

“మామయ్యా, దగ్గుకి మందు వాడండి.”

“దగ్గు కాదు. గాలి.”

“గాలి నాకూ తగులుతోందిగా. నాకు రావట్లేదే!”

కోడలు పని తూము దగ్గర మొదలుపెట్టింది. పల్లంలో మొదటి షీటు, దాని అంచు మీదికి ఎక్కేలా రెండోది, అలా ఎత్తుకి వెళ్లింది. పై నుంచి జారే నీరు అతుకులోకి దూరకుండా అతుకు మీదుగా పోవాలంటే అదే పద్ధతి. ప్రతి అతుకు అంచునా కరిగిన తారు చిటికెన వేలి గోరంత వెడల్పున బయటికి వచ్చింది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ముద్ద కట్టలేదు. పడమటి పిట్టగోడ దగ్గర గాలి లేచి మంట అడ్డం తిరిగితే ఆమె టార్చి ఎత్తి పట్టుకుని, గాలి పడేదాకా నిలబడి, మళ్లీ వంగింది. మేస్త్రి అక్కడ మూడుసార్లు దగ్గాడు. ఆమె తలెత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి పని అయిపోయింది. తప్పు దొరకలేదు. తప్పు దొరకకపోవడం మేస్త్రికి మింగుడు పడలేదు.

ఖాళీ సిలిండరు దింపడానికి కోడలు కిందికి వెళ్లింది. డాబా మీద మేస్త్రి ఒక్కడే మిగిలాడు. మొలలో తాపీ ఉంది. డాక్టరమ్మ కుర్చీకి పైన స్లాబులో పాత పగులుంది. పోయిన వానాకాలం కారింది అక్కడే. ఆ పగులు మీదుగా ఒక అతుకు పోతోంది. అతుకు పట్టిందో లేదో తాపీ మొనతో అంచు వెంట గీకి చూడటం మామూలే. కాకపోతే షీటు చల్లారాక చూడాలి. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగితే చల్లారినట్టు. ఆ లెక్క కోడలికి నేర్పింది ఆయనే.

మేస్త్రి అరచెయ్యి ఆనించాడు. నాలుగు దాకా లెక్కపెట్టి చెయ్యి తీసేశాడు. మెట్ల మీద కోడలి అడుగులు వినిపిస్తున్నాయి. మళ్లీ ఇంత సందు దొరకదు. తాపీ మొన అతుకు మీద పెట్టాడు.

మొన దిగిపోయింది. అతుకు పట్టలేదేమో అని ఒక్క క్షణం సంతోషించాడు కూడా. కాదు. అతుకు పట్టింది. దిగింది అతుకు పక్కన, ఇంకా మెత్తగా ఉన్న షీటులోకి. తాపీ లాగేసి, బూటు మడమతో అక్కడ నాలుగుసార్లు నొక్కాడు. తారు కలుసుకున్నట్టే కనిపించింది. కోడలు పైకి వచ్చేసరికి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తున్నాడు.

“వాన వచ్చేలా లేదు,” అన్నాడు.

“ఎవరడిగారు?” అంది కోడలు.

ఆరింటికి తూములో గుడ్డ చుట్టిన చెక్క బిరడా కొట్టి, గొట్టం పెట్టి నీళ్లు వదిలారు. రెండంగుళాలు నిలిచాక కోడలు పిట్టగోడ మీద సుద్దతో గీత గీసింది.

తెల్లారేసరికి మేస్త్రికి పన్ను నొప్పి వచ్చింది. వచ్చిందని ఆయన చెప్పాడు. చెప్పిన కాసేపటికి అదే వైపు రొట్టె నమలడం భార్య చూసింది.

“ఏ పన్నండీ?”

“ఇదే.”

“ఇందాక ఆ పక్క చూపించారు.”

“నొప్పి అన్నాక ఒక చోట ఉంటుందా?”

“ఉండదు పాపం. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన పన్ను, అటూ ఇటూ తిరుగుతుంది,” అని ఆమె ప్లేటు తీసేసింది.

కారణం వేరే ఉంది. కింద గదిలోకి వెళ్లి పైకప్పు చూడాలంటే రోగిగా వెళ్లడం తప్ప ఆయనకి ఇంకో దారి తోచలేదు. పళ్ల డాక్టరు కుర్చీలో అయితే వెల్లకిలా పడుకోబెడతారు. పైకప్పు తప్ప ఇంకేం కనిపించదు. డబ్బులు తీసుకుని మరీ చూడనిస్తారు.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి నోట్లోకి చూసింది.

“ఏది నొప్పి మేస్త్రి గారూ?”

ఆయన ఎడమ పక్క వేలు పెట్టాడు. ఆవిడ పుల్లతో తట్టింది.

“ఇక్కడేనా?”

“ఊఁ.”

పక్క పన్ను తట్టింది. “ఇక్కడ?”

“ఊఁ.”

“మేస్త్రి గారూ, మీరు సీలింగుకి సమాధానం చెబుతున్నారు. అడుగుతోంది నేను.”

ఆవిడ కుడివైపు పైన ఒక పన్ను తట్టింది. మేస్త్రి కుర్చీలోంచి జానెడు లేచాడు.

“దొరికింది,” అంది డాక్టరమ్మ. “లోపల పుచ్చిపోయింది. తియ్యాలి.”

“ఏది?”

“మీరు చూపించనిది.”

వద్దనడానికి కారణం కావాలి. కారణం చెబితే ఎందుకు వచ్చాడో చెప్పాలి. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ సూదికోసం తిరిగింది. అప్పుడే చుక్క పడింది.

రెండో చుక్క పన్ను ఊడుతుండగా డాక్టరమ్మ కళ్లద్దాల మీద పడింది. ఆవిడ మోచేత్తో తుడుచుకుని, “ఉమ్మకండి, అలాగే ఉండండి,” అంది. మేస్త్రి ఆ నింద మోశాడు. మూడో చుక్క పనిముట్ల పళ్లెంలో పడింది. పళ్లెం రేకుది. చప్పుడైంది.

డాక్టరమ్మ పైకి చూసింది. తర్వాత మేస్త్రిని చూసింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ ఊడిన పన్ను గిన్నెలో వేసి, గాయంలో దూది కుక్కి, “అరగంట దాకా నోరు తెరవకూడదు, మాట్లాడకూడదు, గట్టిగా కొరికి పట్టుకోండి,” అని చెప్పి, ఆయన్ని లేపి, కుర్చీ మీద బక్కెట్టు పెట్టింది. తర్వాత పదండి పైకి అంది.

డాబా మీద కోడలు నీళ్లలో నిలబడి, స్కేలు ముంచి గీతతో సరిచూస్తోంది.

“అమ్మాయ్, కింద చుక్క పడుతోంది,” అంది డాక్టరమ్మ. “కోప్పడటానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను.”

కోడలు స్కేలు తుడిచి జేబులో పెట్టుకుంది.

“ఎక్కడండీ?”

“నా కుర్చీ మీద.”

“కుర్చీ మీద ఎటు? గోడకి దగ్గరగానా?”

“అంత కొలవలేదమ్మా. పళ్లెంలో పడింది, చూశాను.”

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన బుగ్గ ఉబ్బి ఉంది. పెదాలు బిగించి ఉన్నాయి.

“పన్ను తీశాను. అరగంట మాట్లాడరు,” అంది డాక్టరమ్మ, గడియారం చూసుకుని కిందికి వెళ్లిపోయింది. కింద ఇంకో రోగి ఉన్నాడు. బక్కెట్టు చూసి వెళ్లిపోకముందే ఆవిడ వెళ్లాలి.

కోడలు గోడవార పెట్టిన టార్చి తెచ్చింది. గ్యాసు గొట్టం చుట్టచుట్టి, టార్చితో కలిపి మామగారి చేతిలో పెట్టింది.

“మాట మాటే మామయ్యా. ఒక్క చుక్క అన్నారు. పడింది.”

మేస్త్రి టార్చి పట్టుకున్నాడు. చేతికి అలవాటైన బరువు. చేసేది ఏముంది? డాక్టరు మాట్లాడొద్దంది. డాక్టరు మాట వినకపోతే రక్తం కారుతుంది. రక్తం కారితే భార్య తిడుతుంది. ఇన్ని ఇబ్బందులు ఉండగా ఇప్పుడే నోరు తెరవాల్సిన అవసరం ఏమిటని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అరగంట తర్వాత చూడొచ్చు. అరగంట తర్వాత అడిగేవాళ్లు ఉండకపోవచ్చు కూడా.

అంతలో భార్య వచ్చింది. చేతిలో ఇద్దరికీ అన్నం క్యారేజీ ఉంది. మెట్ల దగ్గర డాక్టరమ్మ ఎదురుపడి సంగతంతా చెప్పింది.

“ఏవండీ, ఎలా ఉంది?”

ఆయన తల ఊపాడు.

“నిజంగానే పన్ను తీశారా? తీయించుకున్నారా?” ఆమె దగ్గరికి వచ్చి బుగ్గ చూసింది. “మాట్లాడరా? అరగంటేనా? డాక్టరమ్మని అడిగి సాయంత్రం దాకా పొడిగించి ఉండాల్సింది. కాపురానికి వచ్చాక ఇంత మనశ్శాంతి ఇదే మొదలు.”

కోడలు నవ్వలేదు. వెళ్లి తూములో బిరడా లాగింది. నీళ్లు సుడి తిరుగుతూ దిగడం మొదలైంది.

“పోన్లే తల్లీ,” అంది అత్తగారు. “మీ మామయ్య మొదటి డాబా ఏమైందో తెలుసా? మా నాన్నదే. సంబంధం ఖాయం చేసుకోవడానికి వేశారు. వాన పడిన రోజు మా అమ్మ గొడుగు వేసుకుని వంట చేసింది.”

“మీరు అయినా చేసుకున్నారుగా.”

“డాబాని చూసి చేసుకోలేదమ్మా. రోజూ వచ్చి బాగుచేస్తానని కూర్చుంటే, ఇంట్లో వాడే అయితే కూలి మిగులుతుందని చేసుకున్నాం.”

మేస్త్రి ముక్కుతో ఏదో అభ్యంతరం తెలిపాడు. ఎవరికీ అర్థం కాలేదు.

నీళ్లు దిగాక కోడలు మోకాళ్ల మీద కూర్చుని అతుకుల వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లింది. అంచున వచ్చిన తారు గీత ఎక్కడైనా తెగిందేమోనని చూసింది. తెగలేదు. తనలో తను మాట్లాడుకుంటోంది. ఇక్కడ సరిగ్గానే ఉంది, ఇక్కడా సరిగ్గానే ఉంది. పాత పగులు మీది అతుకు దగ్గర కూడా అంచు వెంటే వేలు నడిపి ముందుకు వెళ్లిపోయింది. అంచు బాగుంది. అంచుకి బెత్తెడు దూరంలో తారు కొంచెం నొక్కుకుపోయిన చోటు మీద తడి మెరుస్తోంది. డాబా అంతా తడిగానే ఉంది. మేస్త్రి ఒక్కడే చూశాడు.

కోడలు పడమటి పిట్టగోడ దగ్గర ఆగింది.

“ఇక్కడే అత్తయ్యా,” అంది. “గాలికి మంట అడ్డం తిరిగింది ఇక్కడే. పైకి పట్టినట్టు కనిపిస్తోంది గానీ లోపల పట్టి ఉండదు. ఇక్కడ దూరిన నీరు షీటు కింద పాకి పగులు దగ్గర దిగి ఉంటుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మామయ్య కూడా దగ్గారు.”

“ఆయన దగ్గనిది ఎప్పుడు?”

“కాదత్తయ్యా. అక్కడ మూడుసార్లు దగ్గారు.”

మేస్త్రికి ఆ అతుకు గుర్తుంది. మూడుసార్లు దగ్గింది తప్పు కనిపించి కాదు. గాలి పడేదాకా టార్చి ఎత్తి పట్టుకుని నిలబడటం చూసి దగ్గాడు. ఆయన అయితే ఆగడు. గాలిని తిట్టుకుంటూ లాగించేస్తాడు. వానాకాలంలో వచ్చి మళ్లీ వేస్తాడు. ఈ డాబా మీద అన్నిటికన్నా గట్టి అతుకు అదే.

కోడలు కత్తి తీసింది. వంపు మొన ఉన్న షీట్ల కత్తి. అంచు దగ్గర ఆనించి, ఎడమ చేత్తో షీటు నొక్కి పట్టింది. తెరిచి చూసి మళ్లీ వేద్దామని ఆమె ఉద్దేశం. తెరిస్తే ఆ అతుకు పోయినట్టే. మళ్లీ వేసినా మొదటిసారి పట్టినట్టు పట్టదు.

మేస్త్రి దూది ఊసేశాడు.

“కొయ్యకు!” అన్నాడు.

మత్తు ఇంకా దిగలేదు. మాట ఒక పక్కనుంచి వచ్చింది. కానీ గట్టిగా వచ్చింది. కోడలు కత్తి ఆపింది.

“అయ్యయ్యో, నోరు తెరిచారేంటి!” అంది భార్య. “డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“అది కొయ్యకు. అది బంగారంలా ఉంది.”

“మరి నీళ్లు?” అంది కోడలు.

మేస్త్రి టార్చి కింద పెట్టి, కుంటుకుంటూ పగులు మీది అతుకు దగ్గరికి వెళ్లి, నొక్కుకుపోయిన చోటు పక్కన బూటు ఆనించాడు.

“ఇక్కడ.”

కోడలు వచ్చి వంగింది. వేలితో తడి తుడిచింది. గోరు పెట్టి తారు పొర లేపింది. కింద చీలిక కనిపించింది. తిన్నగా ఉంది. రెండు వేళ్లు ఆనించినంత పొడవు ఉంది. షీటు దానంతట అది అలా చీలదు. కోడలు చీలికను చూసి, మామగారి మొల దగ్గర తాపీని చూసి, మళ్లీ చీలికను చూసింది.

“ఎప్పుడు?”

“నువ్వు సిలిండరు దింపడానికి వెళ్లినప్పుడు.”

“చల్లారిందా అప్పటికి?”

“నాలుగు దాకా లెక్కపెట్టాను.”

“పది లెక్కపెట్టందే తాపీ పెట్టకూడదని నాకు చెప్పిందెవరు మామయ్యా?”

“నేనే.”

“పెట్టిందెవరు?”

“నేనే.”

“నయం,” అంది భార్య. “ఇద్దరూ వేరువేరని అంటారేమో అనుకున్నా.”

కోడలు లేచి నిలబడింది. చీలిక చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమె తిరిగినంతసేపూ మేస్త్రి దగ్గలేదు. నోటి చివర రక్తం కనిపిస్తే భార్య కొంగుతో తుడిచింది.

“అందుకేనా పన్ను నొప్పి?” అంది కోడలు.

“లేదు. నొప్పి...” అని ఆగాడు. “సీలింగు చూద్దామని.”

“సీలింగు చూడటానికి పన్ను తీయించుకున్నారా!”

“తీయించుకోలేదు. ఆవిడ తీసేసింది.”

అత్తగారు మెట్ల మీద కూలబడి నవ్వింది. క్యారేజీ ఒళ్లో గలగలలాడింది. కోడలు నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. కొంతవరకు ఆగింది, ఆ పైన ఆగలేదు. మేస్త్రికి కూడా నవ్వొచ్చింది గానీ మత్తు వల్ల సగం మొహమే నవ్వింది. అది చూసి వాళ్లకి మళ్లీ మొదలైంది.

“మొదటి చుక్క నా నోట్లోనే పడింది,” అని చెప్పాడు మేస్త్రి, ఇక దాచేదేముందని.

“మింగేశారా?”

“మరి?”

“తాపీ ఇలా ఇవ్వండి,” అంది కోడలు చెయ్యి చాపి.

“ఎందుకు?”

“ఇవ్వండి మామయ్యా.”

ఇచ్చాడు. ఆమె దాన్ని తన నడుముకి దోపుకుంది.

“టార్చి నీదే అమ్మాయ్,” అన్నాడు మేస్త్రి. “డాబా నిలిచినట్టే. పొడిచింది నేను.”

“అలా కుదరదు. చుక్క పడిన మాట నిజం. ఎవరి వల్ల పడినా పడింది పడిందే. చీలిక మూసి మళ్లీ నీళ్లు పెడతా. మళ్లీ రోజంతా నిలవాలి.”

“నేను ఒప్పుకుంటున్నానుగా!”

“మీరు ఒప్పుకోవడం కాదు. రేపు ఏ చుట్టమో వచ్చి, మామగారు జాలిపడి ఇచ్చారంటే? ఆ మాట నేను పడను. నీళ్లు చెప్పాలి.”

మేస్త్రి ఏదో అనబోయి భార్య వైపు చూశాడు. ఆమె అన్నం తినండి ముందు అంది.

తినలేకపోయాడు. కోడలు తిని, నిండు సిలిండరు పైకి తెచ్చి, పని మొదలుపెట్టింది. చీలికను కత్తితో ఇంకొంచెం తెరిచి, మంట తగ్గించి దూరం నుంచి ఆడించింది. లోపలి తడి ఆవిరై బయటికి వచ్చింది. ఆవిరి ఆగేదాకా ఆడించింది. షీటులోంచి పుస్తకమంత ముక్క కోసి, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించింది. మూల ఉంటే ఎప్పటికైనా గాలి అక్కడ వేలు పెట్టి లేపుతుంది. ముక్క అడుగున తారు మెరిసేదాకా కరిగించి, చీలిక మీద పరిచి, తాపీ వీపుతో మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ వచ్చింది. చుట్టూ గోరంత తారు బయటికి వచ్చింది.

మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“మామయ్యా!”

“రక్తం,” అన్నాడు.

చల్లారేదాకా ముగ్గురూ నీడలో కూర్చున్నారు. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టింది కోడలు. పైకి లెక్కపెట్టింది, ఒక్కో అంకె మీదా మామగారి వైపు చూస్తూ. తర్వాత తాపీ మొనతో అంచు గీకి చూసింది. ఎక్కడా దిగలేదు. మూడింటికి బిరడా కొట్టి మళ్లీ నీళ్లు వదిలారు. సుద్ద గీత దాకా నిలబెట్టారు. కోడలు డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి అత్తగారికి ఇచ్చింది.

“ఈయనకి మాత్రం ఇవ్వకండి.”

“ఈయనకి నేను ఇంటి తాళమే ఇవ్వను,” అంది ఆమె.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ కుర్చీ మీద తెల్ల కాగితం పరిచి ఉంచింది. రోగి వచ్చినప్పుడు తీసేది, లేచినప్పుడు మళ్లీ పరిచేది. మేస్త్రి గాయం చూపించుకోవడానికి వచ్చాడు. ఈసారి అది నిజం. కుర్చీలో పడుకుని పైకప్పు చూశాడు. ఆవిడ నోట్లో అద్దం పెట్టి గాయం చూస్తూనే, ఆయన్ని పైకప్పు చూసుకోనిచ్చింది. పాత పగులు గీత వెంట తడి మరక ఆరిపోయి, అంచున తెల్లటి సున్నం మిగిలింది.

మూడింటికి నలుగురూ పైకి వెళ్లారు. నీళ్లు సుద్ద గీతకి వెంట్రుకవాసి కింద ఉన్నాయి. అంతమాత్రం ఎండకి పోతుంది. డాక్టరమ్మ కాగితం వెంట తెచ్చింది. కాగితం మీద చుక్క లేదు.

“సరే మరి, మేస్త్రి గారూ,” అంది ఆవిడ, “నీళ్లు వదిలెయ్యొచ్చా?”

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు ఆయన వైపు చూసింది. అత్తగారు ఇద్దరినీ చూసింది.

“నిన్నేనమ్మా అడుగుతోంది, మేస్త్రీ,” అన్నాడు ఆయన. కొత్తగా ఊడిన సందులోంచి ఆ మాట కొంచెం గాలి పట్టి వచ్చింది.

కోడలు వంగి బిరడా లాగింది.

సోమవారం ఉదయం బస్సు డిపో డాబా మీద తొలి షీటు పరిచారు. తూము దగ్గర మొదలుపెట్టారు. టార్చి కోడలు పట్టుకుంది. మామగారు చుట్ట తోశాడు. మధ్యాహ్నం దాకా గాలి లేదు. ఆయన ఆరుసార్లు దగ్గాడు.